తోలు జాకెట్‌కు ప్యాచ్‌లు పెట్టాలంటే

ప్రశ్న: మా మేనమామ ఎయిర్‌ఫోర్స్‌లో టెక్నీషియన్‌గా చేసి రిటైరయ్యారు. ఆయన ఉద్యోగంలో ఉన్నప్పుడు కొనుక్కున్న మేక తోలు ఫ్లైట్ జాకెట్‌ను ఈమధ్య నాకు ఇచ్చేశారు. దాని ఎడమ ఛాతీ మీద ఒకప్పుడు గుండ్రటి ప్యాచ్ ఉండేదట. తీసేశాక సూది రంధ్రాలు మిగిలాయి. ఆ ప్యాచ్‌ను కూడా ఆయన బీరువాలో దాచిపెట్టి, ‘కావాలంటే మళ్లీ పెట్టుకో రా’ అన్నారు. దానితో పాటు కుడి ఛాతీ మీద పేరు పట్టీ, భుజం మీద జెండా, వీపు మీద మా బుల్లెట్ క్లబ్ పెద్ద ప్యాచ్ పెట్టుకోవాలని ఉంది. టైలర్ ఐరన్ చేస్తే అతుక్కుంటాయి అంటున్నాడు. ఫ్రెండ్ ఫెవిక్విక్ చాలన్నాడు. అమ్మ మాత్రం చెప్పులు కుట్టే ఆయన దగ్గరికి తీసుకుపో అంటుంది. జాకెట్ ఎక్కడ పాడవుతుందో అని టెన్షన్‌గా ఉంది. ఈ చలికాలం గండికోట రైడ్‌కు వేసుకోవాలి. ఏం చేయమంటారు?
— ఒక పాఠకుడు, ఎర్రముక్కపల్లె, కడప

జవాబు:

మీ అమ్మగారి మాట వినండి. కాకపోతే ఆ షాపు మెట్లెక్కే ముందే ఏ ప్యాచ్‌కు సూది పెట్టించాలి, దేనికి పెట్టించకూడదు అన్నది మీరు తేల్చుకోవాలి. కుట్టేవాళ్లు మీరు చూపించిన చోట కుట్టిపెడతారు. తర్వాత ‘ఇక్కడ కాదు, కొంచెం పైకి’ అంటే కుట్టు విప్పగలరు గానీ రంధ్రం పూడ్చలేరు.

గుడ్డకూ తోలుకూ తేడా అక్కడే. చొక్కాకు సూది దిగితే దారాలు పక్కకు జరుగుతాయి, సూది తీసి ఒకసారి ఉతికితే మళ్లీ దగ్గరికి వస్తాయి. తోలులో అలా జరిగే దారాలు లేవు. సూది దిగిన చోట పీచు తెగుతుంది, ఆ రంధ్రం జాకెట్ ఉన్నంతకాలం ఉంటుంది. మన ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసేవాళ్ల పని ఎప్పుడైనా దగ్గరగా చూడండి. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. బొమ్మ నగలు, చీర అంచు వెలుగులో మెరవడానికి మేక తోలులో చిన్న చిన్న రంధ్రాలు కొడతారు. గీత గీసి, చూసుకుని, అప్పుడు కొడతారు. కొట్టాక వెనక్కి తీసుకోవడం ఉండదని వాళ్లకు తెలుసు. మీ జాకెట్ కూడా మేక తోలే. ఆ జాగ్రత్తే మీకూ కావాలి.

ముందు వద్దన్నవి చెబుతాను. ఇస్త్రీ పెట్టె జాకెట్ దరిదాపుల్లోకి కూడా రానివ్వకండి. ఐరన్‌తో అంటించే ప్యాచ్ వెనక ఉండే జిగురు కరగడానికి దాదాపు 150 డిగ్రీల వేడి కావాలి. అంత వేడికి తోలు పైన ఉండే రంగుపూత మెత్తబడి మెరుపు మారిపోతుంది, లోపలి తేమ పోయి తోలు బిగుసుకుని ముడుచుకుంటుంది. ప్యాచ్ ఆకారంలో ఒక గట్టి మచ్చ మిగులుతుంది. దానికి మందు లేదు. మీ టైలర్‌ను తప్పుపట్టడం లేదు, ఆయన చేతికి అలవాటైనది గుడ్డ.

ఫెవిక్విక్ అయితే ఇంకా తొందరగా పాడుచేస్తుంది. అది ఆరితే గాజులా గట్టిపడుతుంది. జాకెట్ ఏమో మీరు హ్యాండిల్ పట్టుకున్న ప్రతిసారీ వంగుతుంది. మెత్తటి తోలు మీద వంగని పలుచటి పెచ్చు ఉంటే అంచులో పగుళ్లు వస్తాయి. ఊడేటప్పుడు ఉత్తగా ఊడదు, తోలు పైపొరను కూడా లాక్కుని వస్తుంది. చెప్పుల షాపుల్లో వాడే పసుపురంగు రబ్బరు సొల్యూషన్ వంగుతుంది, నిజమే. చెప్పు అట్టకు అది బాగుంటుంది. జాకెట్‌కు అంటిస్తే అందులోని ద్రావకం రంగుపూతను కరిగిస్తుంది, మన ఎండకు జిగురు అంచుల్లోంచి బయటికి వచ్చి దుమ్మంతా పట్టుకుంటుంది. ఎవరైనా చదువరులు ఇప్పటికే అంటించేసి ఉంటే, దాన్ని తీయడానికి థిన్నర్, నెయిల్ పాలిష్ రిమూవర్ మాత్రం వాడకండి. ప్యాచ్ కంటే ముందు జాకెట్ రంగు వచ్చేస్తుంది.

ఇక మీ ప్యాచ్‌ల సంగతి. నాలుగింటికీ ఒకే పద్ధతి పనికిరాదు.

మీ మామగారి గుండ్రటి ప్యాచ్‌ను కుట్టించండి. సందేహమే వద్దు. దాని రంధ్రాలు ఇప్పటికే అక్కడున్నాయి కాబట్టి కొత్తగా జాకెట్‌కు జరిగే నష్టం ఏమీ లేదు. ఒకటే షరతు: మిషను మీద వద్దు, చేతికుట్టే వేయించాలి. మిషను సూది పాత రంధ్రాలను వెతుక్కోలేదు, వాటి పక్కన కొత్తవి పొడుస్తుంది. పాతదానికీ కొత్తదానికీ మధ్య సన్నటి దారమంత తోలే మిగిలితే, ఒకరోజు జాకెట్ విప్పేటప్పుడు గీత వెంట చిరుగుతుంది.

ఈ పని మీరే ఇంట్లో చేయొచ్చు కూడా. రాత్రి లైటు తీసేసి, జాకెట్‌ను బల్ల మీద పరిచి, ఫోన్ టార్చ్‌ను తోలుకు ఆనించి పక్కనుంచి వెలుగు పడేట్టు పెట్టండి. పైనుంచి చూస్తే కనబడని రంధ్రాలన్నీ చిన్న చిన్న నీడలుగా వరసకట్టి కనిపిస్తాయి. ప్యాచ్ అంచులో కూడా పాత కుట్టు గుర్తులు ఉంటాయి. ప్యాచ్‌ను దాని చోట పెట్టి తిప్పి చూడండి. రెండు వరసలూ ఒకదాని మీద ఒకటి కూర్చునే స్థానం దొరుకుతుంది. గుడ్డ ప్యాచ్ ఉతుకుల్లో కొద్దిగా ముడుచుకుని ఉంటే అన్నీ కలవవు. అప్పుడు లాగి సరిపెట్టకండి. జాకెట్ మీది రంధ్రాలను వదలకుండా, ప్యాచ్ గుడ్డలో ఎక్కడ దిగితే అక్కడ దించండి. గుడ్డ ఓర్చుకుంటుంది.

సూది మొన మొద్దుగా ఉన్నది తీసుకోండి. పదును సూది అయితే రంధ్రంలోకి దిగకుండా అంచును కోస్తుంది. దారం మైనం పట్టించిన పాలిస్టర్‌ది ఉండాలి. నూలు దారం తోలులో ఉండే రసాయనాలకు కొన్నేళ్లకు చివికి తెగిపోతుంది, నైలాన్ ఎండకు పాలిస్టర్ కంటే తొందరగా బలహీనపడుతుంది. ఒకే దారానికి రెండు చివర్లా రెండు సూదులు ఎక్కించి, ఒక్కో రంధ్రంలోంచి రెండింటినీ ఎదురెదురుగా పోనిచ్చే కుట్టు వేస్తే ఒకచోట దారం తెగినా మిగతాది ఊడిరాదు. దారాన్ని బిగించి గుంజకండి, తోలు ముడత పడకుండా ఆనుకుని ఉంటే చాలు.

ఇక్కడ అస్తరు గురించి చెప్పాలి, ఎందుకంటే ఎక్కువమంది జాకెట్‌లు పాడయ్యేది దీనివల్లే. లోపలి అస్తరుతో కలిపి కుట్టేస్తే బయట తోలు ఒకలా, లోపల గుడ్డ ఒకలా లాగి ఛాతీ మీద ముడతలు పడతాయి, కొన్నాళ్లకు అస్తరు చిరుగుతుంది. లోపలి జేబు ఉంటే అది కూడా మూసుకుపోతుంది. జాకెట్‌ను తిరగేసి చూడండి. నడుము పట్టీకి పైన అస్తరు కలిసే కుట్టు ఉంటుంది. అక్కడ బెత్తెడు మేర కుట్టు విప్పితే చెయ్యి లోపలికి పోతుంది. తోలు ఒక్కదానికే కుట్టేసి, విప్పిన చోట మళ్లీ చేత్తో కనబడని కుట్టు వేసుకోండి. గుడ్డను గుడ్డకు కుట్టడమే కాబట్టి అది మీ టైలర్ చేయగలడు. అస్తరు విప్పకుండానే కుట్టేస్తానని ఎవరైనా అంటే జాకెట్ తీసుకుని బయటికి వచ్చేయండి.

పేరు పట్టీ, జెండా మాత్రం వెల్క్రో మీద పెట్టుకోండి. ఇది నా సొంత తెలివి కాదు. ఈ జాకెట్‌ల చరిత్రే అలా నడిచింది. అమెరికా సైనిక విమానదళం 1931లో ఎ-2 అనే తోలు జాకెట్‌ను తీసుకొచ్చింది. ఈరోజు మనం తోలు ఫ్లైట్ జాకెట్ అని పిలిచేవాటిలో చాలావాటికి అదే మూలం. పైలట్లు తమ స్క్వాడ్రన్ (తాము పనిచేసే విమాన దళం) గుర్తును తోలు ముక్క మీద రంగులతో గీయించుకుని ఎడమ ఛాతీకి కుట్టించుకునేవాళ్లు. స్క్వాడ్రన్ మారితే పాతది విప్పి కొత్తది కుట్టేవాళ్లు. ఆ కాలపు జాకెట్‌లు సేకరించేవాళ్లు ఇప్పటికీ ఆ రంధ్రాల వరసలు చూసి ఒకే ఛాతీ మీద ఎన్ని ప్యాచ్‌లు మారాయో పోల్చుకుంటారు. 1943 తర్వాత ఆగిపోయిన ఆ జాకెట్‌ను అక్కడి వైమానిక దళం 1988లో మళ్లీ ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు ప్యాచ్‌లను వెల్క్రో మీదికి మార్చింది. తోలుకు కుట్టు ఒక్కసారే పడుతుంది, పైన ప్యాచ్ ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. మీకు ఈరోజు ఉన్న పేరు పట్టీ రేపు నచ్చకపోవచ్చు. జెండా ప్యాచ్ ఎండకు వెలవెలబోవచ్చు. ఆ రెండింటి కోసం తోలును మళ్లీ మళ్లీ పొడిపించడం అన్యాయం.

వెల్క్రోలో మెత్తటి వైపు జాకెట్‌కు, గరుకు వైపు ప్యాచ్‌కు ఉండాలి. తిరగేసి పెడితే ప్యాచ్ లేని రోజు ఆ గరుకు ముళ్లు మీ స్వెట్టర్‌ను, హెల్మెట్ పట్టీని, పక్కవాళ్ల చున్నీని పట్టుకుని లాగుతాయి. వెనక జిగురు ఉన్న వెల్క్రో కొనకండి. కడప మేనెలలో నీడన పెట్టిన బండి సీటే కాలుతుంది, ఆ వేడికి జిగురు జారిపోతుంది. మామూలు కుట్టే రకం, జాకెట్ రంగుకు దగ్గరగా ఉన్నది తెచ్చుకోండి. ప్యాచ్ కంటే అంచు చుట్టూ రెండు మూడు మిల్లీమీటర్లు తక్కువగా కత్తిరించండి, బయటికి కనబడదు. మూలలు గుండ్రంగా చేయండి. చదరంగా వదిలేస్తే తీసేటప్పుడు బలమంతా ఆ ఒక్క మూల కుట్టు మీదే పడుతుంది.

ఎక్కడ పెట్టాలో గుర్తించేటప్పుడు జాకెట్‌ను బల్ల మీద పెట్టి కొలవొద్దు. వేసుకుని, జిప్ పెట్టుకుని, బండి మీద కూర్చుని హ్యాండిల్ పట్టుకోండి. భుజం ముందుకు వచ్చినప్పుడు తోలు ఎక్కడ ముడత పడుతుందో అద్దంలో చూడండి. ఆ ముడత మీదికి ప్యాచ్ అంచు రాకూడదు. జేబు మీదికి రాకూడదు, అతుకుల కుట్టు మీదికి రాకూడదు. ఇంట్లో ఎవరినైనా పిలిచి పెయింటర్లు వాడే కాగితపు టేపు చిన్న ముక్కలతో నాలుగు వైపులా గుర్తు పెట్టించండి. పని అయిన వెంటనే నిదానంగా తీసేయండి. బాల్‌పెన్నుతో గీస్తే సిరా తోలులోకి ఇంకి జన్మకు పోదు. గుండుసూదులు కూడా వద్దు, అవి అనవసరపు రంధ్రాలు. కుట్టేటప్పుడు వెల్క్రో కదలకుండా ఉండాలంటే సన్నటి డబుల్ సైడ్ టేపు మధ్యలో అంటించుకోండి, కుట్టు గీత కిందికి రాకూడదు. వస్తే సూదికి జిగురు చుట్టుకుని కుట్టు తప్పుతుంది.

ఈ కుట్టు మిషను మీద వేయించవచ్చు. ఎవరి దగ్గర అన్నది ముఖ్యం. మామూలు టైలర్ మిషనులో సూది పక్కనుండే పాదం తోలును పట్టి నొక్కుతుంది, తోలు జారదు, కుట్లన్నీ ఒకేచోట పడతాయి. బండి సీట్లు కుట్టేవాళ్ల మిషను తోలును పైనుంచీ కిందినుంచీ కలిపి నడిపిస్తుంది కాబట్టి కుట్టు సమంగా వస్తుంది. అయితే వాళ్లు రెగ్జిన్ కోసం ఎక్కించే సూది చాలా లావు. మీ జాకెట్ తోలు ఒక మిల్లీమీటరు అటూ ఇటూగా ఉంటుంది, దానికి 14 లేదా 16 నంబరు లెదర్ సూది చాలు. చెప్పులు, బ్యాగులు కుట్టే షాపుల్లో ఒక పాతకాలపు మిషను కనిపిస్తుంది చూడండి, కింద బల్ల ఉండదు, చెయ్యిలా పొడుగ్గా సన్నటి కొమ్ము ఉంటుంది. చేతులకు, భుజాలకు అంత మంచి మిషను ఇంకొకటి లేదు. స్లీవ్‌ను ఆ కొమ్ముకు తొడిగి, అస్తరు విప్పిన సందులోంచి తోలును మాత్రమే పైకి తెచ్చి కుట్టొచ్చు. మీ భుజం మీది జెండాకు అదే సరైనది. మీ అమ్మగారి మాట నాకు నచ్చింది అందుకే.

అక్కడికి వెళ్లాక మొహమాటపడకుండా చెప్పాల్సినవి చెప్పండి. కుట్టుకూ కుట్టుకూ మధ్య మూడున్నర నుంచి నాలుగు మిల్లీమీటర్ల దూరం ఉండాలి. గుడ్డకు వేసినట్టు దగ్గర దగ్గరగా వేస్తే బలం వస్తుందనుకుంటారు, తోలులో అది రివర్సు. రంధ్రాలు దగ్గరయ్యే కొద్దీ తోలు బలం పోతుంది. చివర్లో ముందుకూ వెనక్కూ నడిపి ముడి వేయడం వద్దు, దారం చివరలను లోపలికి లాగి చేత్తో ముడి వేయమనండి. ముందు మామూలు తోలు ముక్క మీద నాలుగు కుట్లు వేసి చూపించమని అడగండి. అడిగితే ఏమనుకుంటారో అని వెనకాడొద్దు. పని తెలిసినవాళ్లు ఆ మాటకు సంతోషిస్తారు, తోలు విలువ తెలిసినవాడు వచ్చాడని.

వెల్క్రో ప్యాచ్ తీసేటప్పుడు ఒక చేత్తో పక్కన తోలును అదిమి పట్టుకుని, ఇంకో చేత్తో అంచు నుంచి మెల్లగా లేపండి. ఒక్క ఊపున లాగితే కుట్టు దగ్గర తోలు సాగుతుంది.

వీపు మీది క్లబ్ ప్యాచ్ మాత్రం ఈ జాకెట్‌కు వద్దు. బాధపడకండి. జాకెట్‌లో వీపు తోలు చాలా మోడళ్లలో ఒకే పెద్ద ముక్క, అతుకు లేకుండా. దాని కోసమే మంచి తోలు ఏరి పెడతారు. అడుగు వెడల్పున్న ప్యాచ్ చుట్టూ కుట్టు వేస్తే ఆ ముక్క మధ్యలో వందల రంధ్రాలు పడతాయి. మీరు వంగి బండి నడిపినప్పుడు సాగేది కూడా ఆ భాగమే. తోలు సాగుతుంది, ఎంబ్రాయిడరీ సాగదు. ప్యాచ్ చుట్టూ ముడతలు తేలతాయి. చేతులు లేని డెనిమ్ కోటు ఒకటి కుట్టించుకుని, క్లబ్ ప్యాచ్ దానికి కుట్టించి, రైడ్ రోజు జాకెట్ మీద వేసుకోండి. ప్రపంచంలో చాలా రైడర్ క్లబ్బులవాళ్లు చేసేది అదే. రేపు క్లబ్ మారినా, గుర్తు మారినా మీ మామగారి జాకెట్‌కు ఏమీ కాదు. పైగా ఆ డెనిమ్ కోటును ఉతుక్కోవచ్చు, మన రోడ్ల దుమ్ముకు అది అవసరం.

ఇంకా ఏదైనా ప్యాచ్ మీ మనసుకు దగ్గరైనది, ఎవరికీ చూపించాల్సిన పనిలేనిది ఉంటే, దాన్ని లోపల అస్తరుకు కుట్టుకోండి. తోలుకు ఒక్క రంధ్రం కూడా పడదు. రెండో ప్రపంచ యుద్ధంలో చైనా వైపు ఎగిరిన అమెరికన్ పైలట్లు, విమానం కూలితే తమకు సాయం చేయమని చైనా భాషలో రాసిన గుడ్డ ముక్కను జాకెట్ వీపుకో, లోపలి అస్తరుకో కుట్టించుకునేవాళ్లు. అస్తరు మీద ఎంత పెద్ద ప్యాచ్ అయినా, ఎలాంటి కుట్టయినా పరవాలేదు. మీ మామగారి పాత ఫొటో గుడ్డ మీద ప్రింట్ చేయించి అక్కడ కుట్టుకున్నా బాగుంటుంది.

ఈ జవాబు చదివే మిగతావాళ్లకు ఒక మాట. ఆన్‌లైన్‌లో తక్కువ ధరకు కొన్న జాకెట్ చాలావరకు తోలు కాదు, గుడ్డ మీద ప్లాస్టిక్ పూత. లోపల కోసిన అంచు ఎక్కడైనా కనిపిస్తే చూడండి. నిజమైన తోలైతే లోపలిదాకా పీచుపీచుగా ఉంటుంది, పూత రకమైతే కింద నేసిన గుడ్డ కనిపిస్తుంది. దానికి కుట్టు దగ్గర పూత పగిలి పెచ్చులూడుతుంది కాబట్టి వీలైనంత తక్కువ కుట్టండి.

మీరు అడగకపోయినా చెప్పాల్సినవి రెండున్నాయి. జాతీయ జెండా గుర్తును నడుముకు పైన దుస్తుల మీద గౌరవంగా ధరించడానికి అభ్యంతరం లేదు, నడుము కింద మాత్రం చట్టం ఒప్పుకోదు. కాషాయం పైకి ఉండేట్టు, వంకర లేకుండా పెట్టండి. రెండోది, మీ మామగారి స్క్వాడ్రన్ ప్యాచ్ ఆయన జ్ఞాపకంగా పెట్టుకోవడం వేరు. ర్యాంకు గుర్తులు, పైలట్ల రెక్కల బ్యాడ్జి లాంటివి తగిలించుకుని, నేను ఎయిర్‌ఫోర్స్ మనిషినని నమ్మించడం వేరు. అలా నమ్మించే ఉద్దేశంతో ధరిస్తే భారతీయ న్యాయ సంహిత 168వ సెక్షన్ కింద నేరం. ఆ స్క్వాడ్రన్‌లో పనిచేసింది మామగారు, మీరు కాదు, అది అడిగినవాళ్లకు చెప్పడంలోనే ఆయనకు గౌరవం ఉంది.

ప్యాచ్‌ల పని మొత్తం అయ్యాకే లెదర్ క్రీమ్ రాయండి. ముందే రాస్తే టేపు నిలవదు. పాత మేక తోలు మన ఎండలకు ఎండి ఉంటుంది కాబట్టి క్రీమ్ తప్పక కావాలి. కొద్దిగా మెత్తటి గుడ్డకు అద్ది, వెల్క్రో మీద పడకుండా పలుచగా రాసి, నీడన ఒక రోజు వదిలేయండి. కొబ్బరినూనె రాయకండి, మచ్చలు తేలతాయి, వాసన కూడా వస్తుంది. వాడని నెలల్లో వెడల్పు భుజాల హ్యాంగర్‌కు తగిలించి పాత నూలు దుప్పటి కప్పండి. ప్లాస్టిక్ కవర్‌లో పెడితే వానాకాలం బూజు పడుతుంది.

చలికాలం రైడ్‌కు అందుతుందా అంటే, అందుతుంది. స్కూళ్లు తెరిచే జూన్ నెలలో మాత్రం బ్యాగుల షాపులకు వెళ్లకండి, జిప్పుల పనితోనే వాళ్లకు ఊపిరాడదు, మీ జాకెట్‌ను హడావుడిగా కుట్టేస్తారు. ఆ రద్దీ తగ్గాక, దసరా ముందే ఇచ్చేయండి. ఏదో ఒక మధ్యాహ్నం షాపు ఖాళీగా ఉన్నప్పుడు వెళ్లి, కుట్టేంతసేపూ అక్కడే కూర్చోండి.